‘హ్యావింగ్’ తప్పే, కానీ సర్వర్ ఆగింది దానివల్ల కాదు

హైదరాబాద్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పదో తరగతి దాకా ఖమ్మం జిల్లాలో తెలుగు మీడియం చదువు. ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో మూడేళ్ల అనుభవం. పని బాగా వచ్చు. ఇబ్బందల్లా ఇంగ్లిష్‌తో, అందులోనూ ‘హ్యావ్’ అనే ఒక్క మాటతో.

రెండు నెలల కిందట టీమ్ కాల్‌లో ఆవిడ ‘ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్’ అన్నారట. టీమ్ లీడ్ మధ్యలో ఆపి, అందరూ వింటుండగా, ‘హ్యావ్‌కి ఐఎన్‌జీ రాదు, అది కూడా తెలీదా’ అన్నారట. ఎవరో నవ్వారు. ఆ రోజు నుంచి ఎక్కడ ‘హ్యావింగ్’ వచ్చినా భయంతో కొట్టేస్తున్నారు. రాత్రి ఎనిమిదింటికి క్లయింట్ చాట్‌లో పిలిస్తే ‘వి హ్యావ్ డిన్నర్ నౌ’ అని జవాబిచ్చారు. ఇంకోసారి క్లయింట్ ‘హ్యావ్ యువర్ డీబీఏ కాల్ మి’ అని పెడితే, మీకు డీబీఏ (డేటాబేస్ చూసుకునే ఉద్యోగి) ఉన్నారా అని అడుగుతున్నారనుకుని ‘యెస్, వి హ్యావ్’ అని పంపారు. క్లయింట్ గంటన్నర ఫోన్ కోసం ఎదురుచూసి మళ్లీ మెసేజ్ పెట్టాల్సి వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ, తర్వాతి టీమ్‌కు పని అప్పగిస్తూ రాసే హ్యాండోవర్ మెయిల్‌లో తగిలింది. సాయంత్రం నుంచి డేటా లోడ్ (సర్వర్‌లోకి డేటా ఎక్కించే పని) నడుస్తోంది, సర్వర్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ సంగతి అమెరికా టీమ్‌కు చెప్పాలని ‘యూ డోంట్ హ్యావ్ టు రీస్టార్ట్ ద సర్వర్’ అని రాశారు. సర్వర్ నెమ్మదిగా ఉందని వాళ్లు రీస్టార్ట్ చేసేశారు. లోడ్ సగంలో ఆగింది, మొదటి నుంచి మళ్లీ నడపాల్సి వచ్చింది. నింద ఈవిడ మీద పడింది. ‘నేను వద్దనే రాశాను కదా, నా తప్పేమిటి’ అన్నది ఆవిడ బాధ.

వచ్చే నెల నుంచి క్లయింట్ కాల్స్ సొంతంగా చూసుకోమని పై మేనేజర్ అడిగారు. ఇంట్లో భర్త ఇంగ్లిష్ మీడియం. ‘నీకెందుకు ఆ తలనొప్పి’ అంటున్నారు, భోజనాల దగ్గర ‘ఆర్ యూ హ్యావింగ్ రైస్?’ అని ఆటపట్టిస్తున్నారు. అవకాశం వదులుకోవాలా? అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరాలా? లీడ్‌తో ఎలా ఉండాలి? ముందు ఈ హ్యావ్ సంగతి తేల్చండి అని ఆవిడ అడిగారు.

సమాధానం:

మీ మనసులో రెండు తప్పులు కలిసిపోయాయి. వాటిని ముందు విడదీసుకోండి. మిమ్మల్ని నవ్వులపాలు చేసిన తప్పు ఒకటి, సర్వర్ దగ్గర నష్టం తెచ్చింది ఇంకొకటి. ‘ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్’ అంటే అమెరికా వాళ్లు కూడా అర్థం చేసుకుంటారు. కాస్త వింతగా వినిపిస్తుంది, అంతే. ‘డోంట్ హ్యావ్ టు’ అలా కాదు. వాక్యం చూడ్డానికి చక్కగా ఉంటుంది, వ్యాకరణం ఎక్కడా తప్పదు, అర్థం మాత్రం మీరు అనుకున్నది కాదు. మీ లీడ్ పట్టుకున్నది హాని లేని తప్పు. హాని చేసేదాన్ని ఎవరూ పట్టుకోలేదు. మీరేమో రెండు నెలల శ్రద్ధంతా మొదటిదాని మీదే ఖర్చుపెట్టారు.

అయినా మిమ్మల్ని కుదురుగా ఉండనివ్వనిది అదే కాబట్టి హ్యావింగ్‌తోనే మొదలుపెడదాం.

తెలుగులో హ్యావ్‌కు సరిపడే క్రియ లేదు. మనం ‘ఉండు’తోనే పని గడిపేస్తాం. నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు, నా దగ్గర పెన్నుంది, ఇంటికి మూడు గదులున్నాయి. పైగా ఇంగ్లిష్‌లో లేని తేడాలు మన దగ్గర ఉన్నాయి. ‘నాకు డబ్బుంది’ అంటే ఆస్తిపరుణ్ని అని, ‘నా దగ్గర డబ్బుంది’ అంటే ఇప్పుడు జేబులో ఉందని. ఇంగ్లిష్‌లో రెంటికీ ‘ఐ హ్యావ్ మనీ’ ఒక్కటే. హిందీ, తమిళం కూడా మన దారే. రష్యన్ వాళ్లు సైతం మామూలుగా ‘నా దగ్గర ఉంది’ అన్న పద్ధతిలోనే చెబుతారు. కాబట్టి ఇక్కడ తడబడటం తెలివితక్కువతనమేమీ కాదు.

చిక్కు బడిలో మొదలవుతుంది. హ్యావ్ అంటే ‘కలిగి ఉండు’ అని నేర్పుతారు. ‘నేను ఇద్దరు తమ్ముళ్లను కలిగి ఉన్నాను’ అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు, అది పుస్తకాల తెలుగు. ఆ ‘ఉన్నాను’ను చూడగానే చెయ్యి ‘యామ్’ వైపు వెళుతుంది, ‘కలిగి’కి ‘హ్యావింగ్’ తగులుకుంటుంది. ‘నేను వెళ్తున్నాను’కు ‘ఐ యామ్ గోయింగ్’ అని బట్టీ పట్టిన అలవాటు తోడైతే ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ తయారు.

‘కలిగి ఉండు’ను పక్కనపెట్టేయండి. ఇంగ్లిష్‌లో చెప్పబోయే మాటను ముందు ఇంట్లో మాట్లాడే తెలుగులో అనుకుని, చివర ఏ క్రియ వచ్చిందో చూడండి. ‘ఉంది, ఉన్నాయి’ వస్తే ఐఎన్‌జీ వద్దు. నాకు జ్వరం ఉంది: ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’. మాకు ఇద్దరు పిల్లలు: ‘వి హ్యావ్ టూ కిడ్స్’. ఇంకేదైనా క్రియ వచ్చి, పని ఇప్పుడు సాగుతూ ఉంటే హ్యావింగ్ నిక్షేపంగా వాడొచ్చు. తింటున్నాం: ‘వి ఆర్ హ్యావింగ్ డిన్నర్’. ఇబ్బంది పడుతున్నాం: ‘వి ఆర్ హ్యావింగ్ ట్రబుల్ విత్ ద లాగిన్’. వానలు పడుతున్నాయి: ‘వి ఆర్ హ్యావింగ్ హెవీ రెయిన్స్’.

కాబట్టి మీ లీడ్ చెప్పిన సూత్రం సగమే నిజం. మీ ‘వి హ్యావ్ డిన్నర్ నౌ’ తప్పు ఆ సగం సూత్రంలోంచే పుట్టింది. అన్నం తింటుండగా మీ వారు అడిగే ‘ఆర్ యూ హ్యావింగ్ రైస్?’ మాత్రం నూటికి నూరుపాళ్లూ సరైన ఇంగ్లిష్. వెక్కిరింత కోసం ఆయన తప్పు వాక్యం వెతికి, ఒప్పు వాక్యం పట్టుకున్నారు.

ఈ పరీక్ష రెండు చోట్ల తప్పుతుంది. ఒకటి, ముందే ఏర్పాటైన కార్యక్రమాలు. ‘రేపు మీటింగ్ ఉంది’లో ‘ఉంది’ వచ్చినా ‘వి ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్ టుమారో’ ఒప్పే, ‘వి హ్యావ్ ఎ మీటింగ్’ కూడా ఒప్పే. రెండు, ఒంట్లో బాధలు. ‘ఐ హ్యావ్ ఎ హెడేక్’ అనడమే మామూలు. కానీ మాటిమాటికీ వస్తుంటే ‘ఐ యామ్ హ్యావింగ్ హెడేక్స్’ అంటారు, గుండెల్లో నొప్పి అప్పుడే వస్తుంటే ‘ఐ యామ్ హ్యావింగ్ చెస్ట్ పెయిన్’ అని కూడా అంటారు. ఇక్కడ గీత అంత గట్టిది కాదు, ఎటు వాడినా ఎవరూ ఆపరు.

మీ మొదటి వాక్యంలో హ్యావింగ్ కన్నా ‘డౌట్’ను మార్చుకోవడం ముఖ్యం. మనం ‘ఒక డౌటుంది’ అంటే ప్రశ్న ఉందని. అమెరికావాళ్లకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. మీ డిజైన్ మీద నాకు డౌట్ అంటే అవతలివాళ్ల మొహం మారుతుంది. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనండి.

ఇక అసలు సంగతి, ‘హ్యావ్ టు’.

‘ఐ హ్యావ్ టు గో’ అంటే నేను వెళ్లాలి. ఇక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది లేదు. దీన్ని కాదనిపించేటప్పుడే కొంప మునుగుతుంది. ‘చేయాలి’కి ఎదురుమాట ఏమిటి? తెలుగులో రెండున్నాయి: ‘చేయకూడదు’, ‘చేయక్కర్లేదు’. మొదటిది నిషేధం, రెండోది మినహాయింపు. ‘డోంట్ హ్యావ్ టు’ ఎప్పుడూ రెండోదే. మీ మెయిల్ అమెరికా టీమ్‌కు ‘రీస్టార్ట్ చేయక్కర్లేదు, చేస్తే మీ ఇష్టం’ అని చేరింది. సర్వర్ మొరాయించింది, ఇష్టం ఉందన్నారు కదా అని చేసేశారు. వాళ్లు మీ మాట జవదాటలేదు.

నిషేధానికి పుస్తకాల్లో ‘మస్ట్ నాట్’ ఉంటుంది. కానీ తోటి ఉద్యోగులకు రాసే మెయిల్‌లో అది కాస్త కటువు. అందరికీ అర్థమయ్యేది ‘ప్లీజ్ డు నాట్ రీస్టార్ట్’. ‘డోంట్’ అని కుదించకుండా ‘డు నాట్’ అని విడిగా రాయండి, తొందరలో చదివేవాళ్ల కంట్లో ‘నాట్’ పడుతుంది. పక్కనే కారణం, గడువు ఇవ్వండి: ‘ప్లీజ్ డు నాట్ రీస్టార్ట్ ద సర్వర్ బిఫోర్ 6 ఏఎం ఇండియా టైమ్. డేటా లోడ్ ఈజ్ రన్నింగ్.’ ఏ దేశపు ఆరు గంటలో చెప్పకపోతే అదో కొత్త గొడవ. కారణం రాసి ఉంటే, మొన్న మీరు క్రియ తప్పుగా వాడినా లోడ్ బతికేది. లోడ్ నడుస్తోందని తెలిసి ఎవరూ రీస్టార్ట్ నొక్కరు.

దీనికే జరిగిపోయిన కాలపు రూపం ‘హ్యాడ్ టు’. అక్కడ ఇంకో గుంట ఉంది. ‘ఐ హ్యాడ్ టు రీస్టార్ట్’ అంటే చేయాల్సి వచ్చింది, చేశాను అని. చేయాల్సింది గానీ చేయలేదు అనడానికి ‘ఐ షుడ్ హ్యావ్ రీస్టార్టెడ్’ అనాలి. తెలుగులో ‘చేయాల్సి వచ్చింది’, ‘చేయాల్సింది’ పక్కపక్కనే ఉంటాయి కనుక మనవాళ్లు ముందుగా చెప్పనందుకు క్షమాపణగా ‘ఐ హ్యాడ్ టు ఇన్‌ఫార్మ్ యూ’ అని రాసేస్తుంటారు. అవతల ‘మీకు చెప్పక తప్పింది కాదు’ అని వినిపిస్తుంది. క్షమాపణ కాస్తా సాధింపు అవుతుంది.

డీబీఏ సంగతికి వద్దాం. ‘హ్యావ్ యువర్ డీబీఏ కాల్ మి’ అంటే ‘మీ డీబీఏతో నాకు ఫోన్ చేయించండి’. తెలుగులో క్రియకు ‘ఇంచు’ చేర్చి చేయించు, రాయించు, కట్టించు అంటాం కదా, ఆ ‘ఇంచు’ పని ఇంగ్లిష్‌లో హ్యావ్ చేస్తుంది. అమరిక చూసుకోండి: ముందు హ్యావ్, తర్వాత మనిషి, ఆ తర్వాత క్రియ మూలరూపం. ‘హ్యావ్ హిమ్ కాల్’. ‘హిమ్ టు కాల్’ కాదు, ‘హిమ్ కాల్స్’ కాదు. ‘టు’ కావాలంటే ‘గెట్’ వాడాలి: ‘గెట్ హిమ్ టు కాల్’. వాక్యం హ్యావ్‌తో మొదలై వెంటనే మనిషి వచ్చి, చివర ప్రశ్నార్థకం లేకపోతే అది మీకు అప్పగించిన పని. దానికి జవాబు ‘షూర్, షి విల్ కాల్ యూ ఇన్ టెన్ మినిట్స్’.

మనిషి బదులు వస్తువు వస్తే దాని వెనక వీ3, అంటే ‘డన్’, ‘రిపేర్డ్’ లాంటి క్రియ మూడో రూపం వస్తుంది. ‘ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్’: బండి బాగు చేయించాను. మాటల వరస కాస్త మారి ‘ఐ హ్యాడ్ రిపేర్డ్ మై బైక్’ అయితే మీరే స్పానర్ పట్టుకుని అంతకుముందే బాగుచేశారని. ఒక్క మాట అటునుంచి ఇటు జరిగితే పని చేసిన మనిషే మారిపోతాడు. రిపోర్టుల్లో ఇది పట్టింపే. వెండర్‌తో (బయటి కంపెనీతో) ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ సవరణ) వేయించి ‘వి హ్యాడ్ అప్లైడ్ ద ప్యాచ్’ అని రాస్తే రేపు ప్యాచ్ చెడినప్పుడు మీ మెడకు చుట్టుకుంటుంది. ‘వి హ్యాడ్ ద ప్యాచ్ అప్లైడ్ బై ద వెండర్’ అని రాయండి. ఇక్కడ కూడా ఒక తిరకాసు లేకపోలేదు. ‘ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్’ అంటే ఫోన్ దొంగతనం చేయించానని కాదు, పాపం ఎవరో కొట్టేశారని.

మిగతావి త్వరగా చెబుతాను. ‘డజ్’, ‘డిడ్’ పక్కన ఎప్పుడూ హ్యావే వస్తుంది. ‘డజ్ హి హ్యాజ్’, ‘డిడ్ యూ హ్యాడ్’ ఉండవు. ‘ఐ హ్యావ్ సెంట్ ఇట్ ఎస్టర్‌డే’ కుదరదు. నిన్న, పోయిన వారం, పదింటికి అని గడిచిపోయిన సమయం చెప్పారంటే హ్యావ్ తీసేసి ‘ఐ సెంట్ ఇట్ ఎస్టర్‌డే’ అనాలి. తెలుగులో నిన్న పంపినా ఇప్పుడే పంపినా ‘పంపాను’ ఒక్కటే కాబట్టి చెవికి తేడా తెలియదు, సమయం చెప్పే మాటను చూసి పోల్చుకోవాల్సిందే.

కాల్స్‌లో ఇంకో ఇబ్బంది వస్తుంది, ముందే తెలిస్తే మంచిది. రాతలో కనిపించే హ్యావ్ మాటలో సగం మాయమవుతుంది. ‘హ్యావ్ టు’ను ‘హ్యాఫ్టు’ అంటారు, ‘షుడ్ హ్యావ్’ను ‘షుడవ్’ అంటారు. ‘హీజ్’ అని వినిపిస్తే అది ‘హి ఈజ్’ కావచ్చు, ‘హి హ్యాజ్’ కావచ్చు. తర్వాతి మాట వినండి: ‘హీజ్ రీస్టార్టింగ్’ అంటే ఇప్పుడు చేస్తున్నాడు, ‘హీజ్ రీస్టార్టెడ్’ అంటే చేసేశాడు. ‘హీడ్’ తర్వాత వీ3 వస్తే హ్యాడ్, మూలరూపం వస్తే ‘వుడ్’. అనుమానమైతే ‘ఈజ్ ఇట్ డన్, ఆర్ ఈజ్ ఇట్ స్టిల్ గోయింగ్ ఆన్?’ అని అడిగేయండి. అలా అడిగితే ఇంగ్లిష్ రాదనుకోరు, పని మీద శ్రద్ధ ఉందనుకుంటారు.

ఇప్పుడు మీ నిర్ణయాలు. క్లయింట్ కాల్స్ వద్దనుకుంటే ఈ నెల గుండె దడ తగ్గుతుంది, నిజమే. కానీ మీ తప్పులు జరిగిన చోట్లు చూడండి: హ్యాండోవర్ మెయిల్‌లో, చాట్‌లో. క్లయింట్‌తో ఫోన్‌లో ఒక్కటీ జరగలేదు. కాల్స్ మానుకున్నా మెయిళ్లు మానుకోలేరు కదా. అవకాశం పోతుంది, ఇబ్బంది మీతోనే ఉంటుంది.

ఒప్పుకుని షరతు పెట్టడం రెండో దారి. మొదటి నాలుగు వారాలు కాల్‌లో ఇంకొకరు పక్కన ఉండాలని, కాల్ అయ్యాక మీకు అర్థమైనదాన్ని నాలుగైదు వాక్యాల్లో రాసి క్లయింట్‌కు పంపుతానని మేనేజర్‌తో చెప్పండి. ప్రతి కాల్‌కూ పావుగంట పని పెరుగుతుంది. కానీ డీబీఏ లాంటి పొరపాటు గంటన్నర తర్వాత కాక పది నిమిషాల్లో బయటపడుతుంది. నా మొగ్గు దీనివైపే.

మూడు నెలలు గడువు అడగడం ఇంకో దారి. ఈలోగా ఆ పని వేరొకరికి వెళ్లిపోవచ్చు. అడిగితే మాత్రం తేదీతో సహా మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట నిలవదు.

అమీర్‌పేట కోచింగ్ గురించి. టెన్స్‌ల పట్టికలు మళ్లీ బట్టీ పట్టించే చోటైతే మీకు కొత్తగా ఒరిగేదేమీ లేదు. డెమో క్లాసుకు వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: ‘డోంట్ హ్యావ్ టు’కు, ‘మస్ట్ నాట్’కు తేడా ఏమిటి? ‘హ్యాడ్ మై బైక్ రిపేర్డ్’కు, ‘హ్యాడ్ రిపేర్డ్ మై బైక్’కు తేడా ఏమిటి? ఉదాహరణలతో విడమరిచి చెబితే చేరండి. బోర్డు మీద పట్టిక గీయడం మొదలుపెడితే ఫీజు మిగుల్చుకోండి.

లీడ్ విషయంలో ఊరుకుంటే మళ్లీ జరుగుతుంది, మీరు కాల్స్‌లో నోరు విప్పడం ఇంకా తగ్గుతుంది. హెచ్‌ఆర్‌కు వెళ్లడం ఒక్క మాటకు పెద్ద అడుగు. లీడ్‌తో రోజూ పని ఉంటుంది, ఆ తర్వాత వాతావరణం బిగుసుకుంటుంది. విడిగా కలిసి ‘తప్పుంటే చెప్పండి, నాకు మంచిదే, కాల్‌లో కాకుండా చాట్‌లో చెప్పండి’ అని చూడండి. చాలామంది సర్దుకుంటారు. అయినా అదే ధోరణి సాగితే, తేదీలు రాసిపెట్టుకుని అప్పుడు పైవాళ్ల దగ్గరికి వెళ్లండి.

సర్వర్ మెయిల్ గురించి మాత్రం మీరే ముందు మాట్లాడండి. ‘మై లైన్ వాజ్ అన్‌క్లియర్. ఐ మెంట్ డు నాట్ రీస్టార్ట్’ అని రెండు వాక్యాలు చాలు. ఇంగ్లిష్ రాదన్న సంజాయిషీ వద్దు. దాని కిందే, హ్యాండోవర్‌లో ఇకనుంచి ‘చేయకూడనివి’, ‘చేయక్కర్లేనివి’ వేరువేరు శీర్షికల కింద రాద్దామని ప్రతిపాదించండి. టీమ్‌లో ఇంకెంతమంది ‘డోంట్ హ్యావ్ టు’ను నిషేధంగా వాడుతున్నారో అప్పుడు బయటపడుతుంది. మీరొక్కరే అయి ఉండరని నా అనుమానం.

ఈ శని, ఆదివారాల్లో ఒక గంట తీసుకుని, మీరు పంపిన మెయిళ్లలో హ్యావ్, హ్యాడ్ అని వెతికి ఓ యాభై వాక్యాలు ఒకచోట రాసుకోండి. ప్రతిదాని పక్కనా ఇంటి తెలుగులో అర్థం రాయండి: ‘ఉంది’నా, ‘తింటున్నా’నా, ‘చేయాలి’నా, ‘చేయించాను’నా, ‘చేసేశాను’నా. ‘డోంట్ హ్యావ్ టు’ ఉన్నవాటిని వేరుగా పెట్టి, ఒక్కోదాన్లో మీ ఉద్దేశం ‘కూడదా’, ‘అక్కర్లేదా’ గుర్తుచేసుకోండి. ‘కూడదు’ అని తేలినవాటిలో ఇంకా అమల్లో ఉన్న సూచనలు ఏవైనా ఉంటే, సోమవారం పొద్దున్నే ‘డు నాట్’ అని సరిచేసి మళ్లీ పంపండి.